బిడ్డ ఇంటి కాడ, కబురు గొర్ల కాడ

2023 జనవరి. తాండూరు చుట్టూ కంది కోతలు జోరుగా సాగుతున్న రోజులు. పొద్దున ఎనిమిది దాటితే ఊళ్లలో ఇళ్లకు తాళాలుంటాయి, మనుషులంతా చేలల్లో ఉంటారు. ఆ పక్కనే ఉన్న ఒక మండలంలో నేను ఐఈఆర్‌పీని. ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్ అని దాని పూర్తి పేరు. పేరు పొడుగు, ఉద్యోగం కాంట్రాక్టు. చూపులోనో, వినికిడిలోనో, నడకలోనో, ఎదుగుదలలోనో ఇబ్బంది ఉన్న పిల్లలను మామూలు బడిలోనే, మిగతా పిల్లల మధ్యే కూర్చోబెట్టి చదివించడం మా పని. కూర్చోబెట్టడం అందులో సగమే. వాళ్లను అక్కడి నుంచి లేపి పంపేయాలని చూసేవాళ్లతో పోట్లాడడం మిగతా సగం. ఆ రెండో సగం నాకు ఎవరూ ట్రైనింగులో చెప్పలేదు. ఒక తల్లి దగ్గర నేర్చుకున్నాను.

మా ఆఫీసు హైస్కూలు ఆవరణలో ఒక మూల ఉంటుంది. పక్కనే పిల్లలకు వ్యాయామాలు చేయించే గది. పట్టుకుని నడవడానికి రెండు పైపులు, ఒక నిలువుటద్దం, నాలుగు చాపలు. అప్పటికి రెండేళ్ల కిందట పై ఆఫీసు నుంచి ఒక మంచి ఆలోచన వచ్చింది. బడుల సమాచారం, తల్లిదండ్రులకు పనికొచ్చే కబుర్లు అన్నీ కలిపి నెలకో పేజీ సమాచార పత్రం పంపిస్తామన్నారు. ఏ గురుకులానికి దరఖాస్తులు తెరిచారు, కంటి పరీక్షలు ఎక్కడ, బస్ పాస్ ఎవరిని అడగాలి, క్యాంపు ఎప్పుడు, ఇట్లాంటివి. నిజంగా పనికొచ్చే పేజీనే. దాన్ని పీడీఎఫ్‌గా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, ఎవరెవరు చూశారో నీలం టిక్కులను బట్టి రిజిస్టర్‌లో ఎక్కించాలి. మా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల తల్లిదండ్రుల గ్రూపు నా చేతిలో ఉండేది. నెల నెలా నేను ‘నూరు శాతం చేరింది’ అని రాసి పంపేదాన్ని. మీటింగుల్లో మా మండలం పేరు మెచ్చుకోలుగా చదివేవారు. నేను కూడా చీర కొంగు సర్దుకుని కాస్త నిటారుగా కూర్చునేదాన్ని.

ఇక క్యాంపు సంగతి. అసెస్‌మెంట్ క్యాంపు అంటే డాక్టర్లు, టెక్నీషియన్లు ఒకచోటికి వచ్చి పిల్లలను చూసి, ఎవరికి ఏ పరికరం కావాలో కొలతలు తీసుకునే రోజు. కొన్ని నెలల తర్వాత ఆ పరికరాలు తయారై వస్తాయి. తరగతి గదులు ఖాళీగా ఉంటాయని ఈ క్యాంపులు సెలవుల్లోనే పెడతారు. సెలవుల్లో బడి ఉండదు కాబట్టి సార్లు పిల్లలతో చెప్పి పంపే వీలు లేదు. మిగిలింది ఫోనే.

శిరీష అప్పుడు ఐదో తరగతి. పుట్టినప్పటి నుంచి ఎడమ కాలు సన్నం, బలం లేదు. ఎడమ చేతిని మోకాలి మీద ఆనించుకుని, కాలిని వెనక్కి నెట్టుకుంటూ నడిచేది. ఆ పిల్లకు కావాల్సింది కాలిపర్, అంటే కాలికి ఇరుపక్కలా లోహపు పట్టీలు, తోలు బెల్టులతో ఉండే ఆసరా. అది ఉంటే చేయి మోకాలిని వదులుతుంది. వేసవి సెలవుల్లో ఒక క్యాంపు, దసరా సెలవుల్లో ఒక క్యాంపు జరిగాయి. రెండింటికీ రాలేదు. తండ్రి మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులున్నాయి, మనిషి మాత్రం రాలేదు. రెండుసార్లూ ఆ పిల్ల పేరు ఎదురుగా ‘పేరెంట్ నాట్ విల్లింగ్’ అనే గడిలో టిక్కు పెట్టింది ఎవరో కాదు, నేనే. తల్లిదండ్రులకు ఇష్టం లేదు అని దాని అర్థం. బడిలో ఆ పిల్లను ఎన్నోసార్లు చూశాను కానీ వాళ్లింటి గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. నాకు ఊళ్లెక్కువ, రోజులు తక్కువ. ఆ రోజుల్లో ఈ సాకు నాకు చాలా గట్టిగా కనిపించేది.

జనవరిలో వచ్చే ఏడాది లిస్టు తయారైంది. రెండు క్యాంపులకు రాని పిల్లలను హోమ్ బేస్డ్‌లోకి మార్చమన్నారు. మంచం దిగలేని పిల్లల కోసం పెట్టిన పద్ధతి అది. వారానికి ఒకరోజు టీచర్ ఇంటికెళ్లి చెప్పి వస్తుంది. నడిచే పిల్లను అందులో వేస్తే బడి మాన్పించినట్టే. నాకు తెలుసు. తెలిసీ ఫారం సంచిలో పెట్టుకుని, కన్నవాళ్ల సంతకం కోసం బయల్దేరాను.

తల్లి పేరు మల్లమ్మ. నేను వెళ్లేసరికి తలకు గుడ్డ కట్టుకుని, చేతిలో కొడవలితో కంది కోతకు బయల్దేరుతోంది. శిరీష గడప మీద కూర్చుని జడ వేసుకుంటోంది. నేను విషయం చెప్పి ఫారం తీశాను.

“వచ్చే ఏడు నుంచి బిడ్డకు ఇంటి కాడనే చదువు మల్లమ్మా. వారానికొకసారి టీచరే వస్తది. ఈడ సంతకం పెట్టాలె.”

తల్లి ఏమీ అనకముందే పిల్ల జడ అల్లడం ఆపింది.

“వారంల ఒక్కరోజేనా మేడం? మరి తక్కిన రోజులు?”

నేను పిల్ల వైపు చూడకుండా ఫారం తల్లి చేతికిచ్చాను.

మల్లమ్మ కొడవలి చూరులో చెక్కి నా ఎదురుగా నిలబడింది. “అయిదు క్లాసులు నా బిడ్డ ఇంట్ల కూసోని చదివిందా మేడం? రోజు బడికి పోయే చదివింది గద.”

“హైస్కూలు పక్కూర్ల ఉన్నది. రెండు కిలోమీటర్లు. ఆ కాలుతోని ఎట్ల పోతది?”

“గట్లయితే కాలుకేమన్న చెయ్యిండ్రి. చదువెందుకు బంద్ జేస్తరు?”

“చేద్దమనే రెండుసార్లు క్యాంపుకు పిలిచినం. మీరే రాలె.”

“ఎవలు పిలిచిన్రు? నాకెవలు జెప్పలె.”

నాకు చిర్రెత్తింది. దాచడమెందుకు, ఆ క్షణం ఆమె అబద్ధమాడుతోందనే అనుకున్నాను. నా ఫోన్ తీసి, గ్రూపులో ఆ మెసేజ్ ఎవరెవరు చదివారో ఉన్న పట్టీ ఆమె ముందు పెట్టాను. “ఇగో, మీ ఇంటాయన బీరయ్య పేరు. నీలం గీతలు కనబడుతున్నయా? చూసిన్రు. చూసి రాలె.”

ఆమె ఆ ఫోన్ వైపు కాదు, నా మొహంలోకి చూసింది. “మా ఇంట్ల ఉన్నదే ఒక్క ఫోను. గది మంద ఎంబడి పోయింది. ఎండకాలంల గూడ గంతే, దసరకు ముందు గొర్లను తోలుకొని పోయినోడు ఇంక రాలె. జర మాట్లాడాలన్నా పక్కింటోళ్ల ఫోన్‌కే చేస్తడు. బిడ్డేమో నా కాడ ఉన్నది, కబురేమో గొర్ల కాడికి పంపిన్రు. గొర్లొచ్చి చెప్పాల్నా నాకు?”

మా వైపు గొల్లకుర్మల ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. వానాకాలం పంటలుండగా మందలు అనంతగిరి అడవుల వైపు పోతాయి, చలికాలం నుంచి ఎండాకాలం దాకా కర్ణాటక వైపు ఉంటాయి. కోతలయ్యాక రైతుల చేలల్లో ఎరువు కోసం మంద పెడతారు. రాత్రిపూట గొర్లు ఆ చేనులో పడుకుంటాయి, కాపరి వాటి పక్కనే గొంగడి కప్పుకుని పడుకుంటాడు. ఇవన్నీ తాండూరులో పుట్టి పెరిగిన నాకు తెలియనివి కావు. అయినా ఫోన్ నంబర్ అడిగిన రోజు, ఆ ఫోన్ ఎక్కడుంటుంది అని అడగాలని తోచలేదు.

అక్కడే నిలబడి బీరయ్యకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. వెనకాల గొర్ల అరుపులు, ఎవరో కన్నడంలో కేకేస్తున్నారు. కర్ణాటకలో సేడం అవతల ఎవరి చేనులోనో ఉన్నాడు. బడి నుంచి అనగానే అతని గొంతు సర్దుకుంది.

“నమస్తే మేడం. ఏమన్న తప్పయిందా?”

“మేం పంపిన మెసేజ్‌లు చూస్తున్నావా బీరయ్యా?”

“అన్ని తెరుస్త మేడం. ఒక్కటి గూడ ఇడువ. చేను ఆసామి ఇంట్ల చార్జింగ్ పెట్టుకొని మరీ తెరుస్త. తెరువకుంటే సార్లు ఏమనుకుంటరు? బిడ్డ చదువును వీడు పట్టించుకుంటలేడు అనుకోరా? తెరిస్తే గీతలు నీలం అయితయని మా తోటోళ్లు చెప్పిన్రు.”

“మరి అందుల ఏమున్నదో ఎవరితోనన్న చదివించుకోలేదా?”

“ఈడ ఎవలున్నరు మేడం? వీళ్లకు తెలుగు రాదు, నాకు చదువు రాదు. జెండా బొమ్మ ఉంటే ఆగస్టు పదిహేను అని సమజ్ చేసుకుంట. ఉత్త రాతలుంటే తెరిచి దండం పెట్టి మూసేస్త.”

తల కొట్టేసినట్టయింది నాకు. ఆ మనిషి బడి మీద ఉన్న గౌరవంతో ప్రతి మెసేజ్ తెరిచాడు. నేను అదే గౌరవాన్ని అతని మీద సాక్ష్యంగా రాసిపెట్టాను. తెరవకుండా వదిలేసి ఉంటే కనీసం ‘చేరలేదు’ అనే గడిలోనైనా పడేవాడు.

మల్లమ్మ ఫారం నా చేతిలో పెట్టింది. “గిది మీ సారుకే ఇయ్యి. నేను సంతకం పెట్ట. నా బిడ్డ బడికే పోతది, కాలు ఈడ్చుకుంట పోయినా సరే.” చూరులోంచి కొడవలి తీసుకుని, వెనక్కి చూడకుండా చేనుకు పోయింది. కూలికి ఆలస్యమైందని ఆమె నడకలోనే తెలుస్తోంది.

మా మండల విద్యాధికారి చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడగకుండానే సెలవిచ్చిన మనిషి. కానీ లిస్టు అంటే ఆయనకు భక్తి. ఖాళీ ఫారం చూసి ముఖం చిట్లించారు.

“సంతకం పెట్టలేదా? అయితే నాట్ విల్లింగ్ అని రాసి పంపేయండి మేడం.”

“ఇష్టం లేదని ఎట్ల రాస్తం సార్? మనం వాళ్లను అడగనే లేదు.”

“మెసేజ్ చూశారు కదా. మీరే రాశారు, చేరిందని.”

“చదువు రాని మనిషి తెరిచిండు సార్, అంతే. చేరలేదు. చేరిందని అప్పుడు రాసింది నేనే, చేరలేదని ఇప్పుడు రాసేది కూడ నేనే.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “మీరట్లా రాస్తే మన నూరు శాతం పోతుంది.”

“పోనీయండి సార్.”

“లిస్టు పైకి వెళ్లిపోయింది. నాలుగు రోజుల్లో, సంక్రాంతి సెలవుల్లో, తాండూరులో క్యాంపు. లిస్టులో పేరు లేని పిల్లను కొలవరు. ఇప్పుడు పాత రిపోర్టు తప్పని రాస్తే పై నుంచి మెమో వస్తుంది. మీ పేరు మీదే వస్తుంది.”

మెమో అంటే తప్పు ఎందుకు చేశావో చెప్పమని అడిగే కాగితం. మాది ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే ఉద్యోగం. మెమో ఉన్న ఫైలు పక్కన పెట్టడం వాళ్లకు చాలా సులువు. భయం వేయలేదంటే అబద్ధం. ఇంటి అద్దె, పిల్లాడి ఫీజు కళ్ల ముందు కదిలాయి. అయినా ఆయన ముందే పెన్ను తీసి, ఆ ఫారం మీద ‘సమాచారం తల్లికి చేరలేదు, పొరపాటు నాది, క్యాంపుకు పిలవాలి’ అని రాసి సంతకం పెట్టాను. సంతకం కొంచెం వంకర పోయింది.

ఆ సాయంత్రం మల్లమ్మ పక్కింటివాళ్ల ఫోన్‌కు చేసి, ఆమెనే పిలిపించి, క్యాంపు రోజు, చోటు, టైము నోటితో చెప్పాను. తిరిగి నాకు చెప్పమన్నాను. పొల్లు పోకుండా అప్పజెప్పింది. లిస్టులో పేరు లేదన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను.

“నువ్వు రమ్మంటున్నవా వద్దంటున్నవా?” అంది.

“రమ్మంటున్న.”

“గట్లయితే వస్త.”

క్యాంపు రోజు నా డ్యూటీ టోకెన్ల బల్ల దగ్గర. పదిన్నరకు మల్లమ్మ వచ్చింది, కూలి మానుకుని. సెలవు రోజైనా శిరీషకు బడి యూనిఫాం వేసి తెచ్చింది, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టి. పేర్లు చూసే బల్ల దగ్గర ఒక యువకుడు లిస్టంతా వేలితో వెతికాడు.

“పేరు లేదమ్మా. వచ్చే క్యాంపుకు రండి.”

“వచ్చే క్యాంపు కబురు గూడ గొర్లకే చెప్తరా?” అంది మల్లమ్మ.

అతనికి అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? వెనకాల వరస పెరుగుతోంది, పక్కకు జరగమన్నాడు. మల్లమ్మ పక్కకు జరగలేదు. కొలతలు తీసుకునే చాప దగ్గరికి నేరుగా నడిచి, పిల్లను కూర్చోబెట్టి, ఎడమ కాలి చెప్పు విడిచి పక్కన పెట్టింది. తనూ కూర్చుంది.

“పేరు కాయితంల లేకుంటే మానె. కాలు ఈడనే ఉన్నది. కొలువుండ్రి.”

కొలతల టెక్నీషియన్ హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన. టేపు మెడలో వేసుకుని లిస్టు బల్ల వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. అప్పుడు నేను నా టోకెన్ల బల్ల వదిలి లేచాను. లిస్టు అందుకుని చివరి గీత కింద పెన్నుతో శిరీష పేరు, ఊరు, తల్లి పేరు రాసి, పక్కన నా సంతకం పెట్టాను. ఈసారి వంకర పోలేదు.

“చేత్తో రాసింది చెల్లదు మేడం,” అన్నాడు ఆ యువకుడు.

“చెల్లకపోతే తర్వాత నన్ను అడగండి. ముందు కాలు కొలవనీయండి.”

ఆ పెద్దాయన మరి ఎవరినీ అడగలేదు. మోకాళ్ల మీద కూర్చుని టేపు తీసి, “నేను చెప్తాను, మీరు రాసుకోండి” అన్నాడు నాతో. ఆయన తొడ నుంచి మడమ దాకా కొలుస్తుంటే శిరీష ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, కదిలితే కొలత మానేస్తారన్నట్టు. మల్లమ్మ మాత్రం లిస్టు బల్ల వైపే చూస్తూ ఉంది.

మెమో వచ్చింది. రెండు పేజీల సంజాయిషీ అడిగారు. జవాబు రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేశాను. నా రిజిస్టర్ పట్టుకుని, ‘చూశారు’ అని నేను టిక్కు పెట్టిన ప్రతి ఇంటికీ వెళ్లాను. మీ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది అనే ఒక్క ప్రశ్న అడిగాను. ఒకరి ఫోన్ హైదరాబాద్‌లో తాపీ పనికి పోయిన మొగుడి జేబులో ఉంది. ఒకరిది నాపరాయి గనికి పోయే అన్న దగ్గర. ఒక ఇంట్లో నంబరు ఎప్పుడో మారిపోయి, మా మెసేజ్‌లన్నీ ఎవరో తెలియని మనిషి చదువుతున్నాడు. నా నూరు శాతం మీద నాకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఇళ్ల పేర్లన్నీ వరసగా రాసి, అదే నా సంజాయిషీ అని పంపాను. దానికి ఇంతవరకూ జవాబు రాలేదు. ఆ ఏడాది నా రెన్యువల్ ఆలస్యమైంది, కానీ అయింది. ఎవరు అడ్డుపడ్డారో, ఎవరు నిలబడ్డారో నాకు తెలియదు. మా సారు మాత్రం మెమో గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కాలిపర్ బడులు తెరిచాక వచ్చింది. ఆ లోపల పిల్ల కొంచెం ఎదిగింది, పట్టీ పొట్టిగా ఉంది. సర్దుకోమన్నారు. “ఎదిగే పిల్ల ఎదగదా? సర్దాల్సింది పట్టీని, నా బిడ్డను గాదు” అని మల్లమ్మ అక్కడే కూర్చుంది. మరలు విప్పి పొడవు పెంచి ఇచ్చేదాకా లేవలేదు. ఆ రోజు శిరీష ఎడమ చేయి మోకాలి మీద లేదు. ఆ చేతిని ఏం చేయాలో తెలియక కాసేపు రిబ్బన్ పట్టుకుంది.

నా ఇన్నేళ్ల పనిలో ఈ కేసు నేర్పింది ఒకటే. పంపడం వేరు, చేరడం వేరు. పంపడం మన చేతిలో పని, కాబట్టి దాన్ని లెక్కపెట్టుకుని మురిసిపోతాం. చేరిందో లేదో అవతలి మనిషి చెప్పాలి. ఇప్పుడు నా దగ్గర ప్రతి పిల్లకూ ఇద్దరి నంబర్లు ఉంటాయి, అందులో ఒకటి ఇంట్లో ఉండే ఆడమనిషిది, లేదా ఆమె పిలిస్తే పలికే పక్కింటివాళ్లది. ‘నాట్ విల్లింగ్’ గడి ఇప్పటికీ ఫారంలో ఉంది. ఎదురుగా కూర్చుని అడిగి, వాళ్ల నోటి నుంచి వద్దని వినకుండా ఆ గడి నేను నింపను. ఖాళీగా ఉందని తిప్పి పంపుతారు. ఖాళీగానే మళ్లీ పంపుతాను.

పీడీఎఫ్ పక్కన గొంతు కూడా పంపడం మొదలుపెట్టాం. శిరీష ఇప్పుడు ఆ పక్కూరి హైస్కూల్లోనే చదువుతోంది. పొద్దున ప్రార్థనలో పిల్లలు వార్తలు చదవడం అన్ని బడుల్లో ఉన్నదే. నెలకోసారి అక్కడ మా సమాచార పత్రం శిరీష చదువుతుంది, నేను ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపుల్లో పెడతాను. మొదటిసారి పెట్టిన రోజు బీరయ్య ఫోన్ చేశాడు. వెనక మళ్లీ అవే గొర్లు. “మేడం, గీసారి ఉత్తగ తెరువలె. విన్న,” అన్నాడు.

ఆ రికార్డింగ్ చివర శిరీష పత్రంలో లేని ఒక మాట తనంతట తానే చేర్చింది. “గిది విన్నోళ్లు ఇంట్ల అమ్మకు గూడ చెప్పుండ్రి.” ప్రతి నెలా అదే మాటతో ముగిస్తుంది. ఆర్డర్లో లేని మాట అని, తీసేయమని పై నుంచి రెండుసార్లు చెప్పారు.

నేను తీయలేదు.